పాదం లోపలికి, మనిషి బయట

గుత్తుల తాతారావు వంటమేస్త్రి. కాలవ గట్టు ఊళ్ళలో ఎవరింట్లో పెళ్ళి కుదిరినా ముందు తాతారావు ఖాళీగా ఉన్నాడో లేడో కనుక్కుని, ఆ తరవాతే ముహూర్తం పెట్టించుకునేవారు. ఆయన చేతి బూరెలకు అంత పేరు. పెళ్ళికొడుకు నచ్చలేదని మొహం మాడ్చుకున్న బంధువులు కూడా ఆ బూరెలు తిన్నాక సర్దుకుపోయేవారు.

అలాంటి తాతారావు ఒక పెళ్ళిలో గాడిపొయ్యి ముందు నిలబడి బూరెలు వేస్తూ, ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చి, "ఒరేయ్, మాడిపోతన్నాయిరా! మంట తగ్గించండెహె!" అని సాయం చేసేవాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. వాళ్ళు మూకుడులోకి తొంగిచూశారు. బూరెలు బంగారంలా ఉన్నాయి. పక్క పొయ్యి మీద సాంబారు చూశారు. అదీ బాగానే ఉంది. తాతారావు మాత్రం మాడు వాసన, మాడు వాసన అని తిడుతూనే ఉన్నాడు. ఆఖరికి పెళ్ళికూతురి మేనత్త ఎవరో కాఫీ కోసం అటు వచ్చి, "అయ్యబాబోయ్! మేస్త్రిగారూ, మీ కాలండీ!" అని కేకేసింది. వంగి చూసుకుంటే పొయ్యిలోంచి జారిన నిప్పు కణిక ఒకటి కుడి పాదం కింద అతుక్కుని ఉంది. ఇందాకట్నుంచీ మాడుతున్నది బూరెలు కాదు, తాతారావు.

షుగరు మహిమ అది. ఏళ్ళ తరబడి ఒంట్లో కాపురం పెట్టి, చడీ చప్పుడూ లేకుండా అరికాళ్ళలో స్పర్శ మొత్తం తినేసింది. ఆ పుండు మానడానికి నెలలు పట్టింది. మానేలోపు చిటికెన వేలు తీసేశారు. పట్నం ఏరియా ఆసుపత్రిలో కొత్తగా వచ్చిన డాక్టరు హైమవతి, చిన్నపిల్లే గాని, మొహమాటం లేకుండా చెప్పేసింది. "తాతారావు గారూ, ఈ కాలికి ఇంకొక్క పుండు పడిందంటే ఈసారి వేలితో పోదు. పాదం తియ్యాలి. గుమ్మం బయటే కాదు, గుమ్మం లోపల కూడా చెప్పులు లేకుండా ఒక్క అడుగు వెయ్యకండి."

వంటవాడు చెయ్యి లేకపోయినా ఎవరికో చెప్పి చేయించుకుంటాడు గాని, కాలు లేకపోతే పొయ్యి ముందు ఎవడు నిలబడతాడు? తాతారావు ఇంటికొచ్చి రెండు పూటలా అన్నం ముట్టలేదు.

ఆయన భార్య మంగాయమ్మ ఏడవలేదు. ఆవిడ ఇల్లు అంటే అద్దం. పంచాయతీ ప్రెసిడెంటు ఓట్లకి వచ్చినా సరే, చెప్పులు అరుగు కిందే. అలాంటి మనిషి మర్నాడు బజారుకెళ్ళి మెత్తటి చెప్పులు కొత్తవి తెచ్చి, శుభ్రంగా కడిగి, మొగుడి మంచం పక్కన పెట్టింది. "ఇంట్లోకి ఇయ్యి, బయటికి అయ్యి. కాలు కింద పెడితే చెప్పుల్లోనే పెట్టాలి మావా. వంటింట్లోకైనా సరే." దేవుడి గూటి ముందు నిలబడి, "సామీ, ఈ రోగం నువ్విచ్చిందే, కాబట్టి ఈ చెప్పులు కూడా నువ్వే సర్దుకోవాలి" అని గట్టిగానే చెప్పేసింది. రోజూ పడుకోబోయే ముందు ఆయన అరికాళ్ళు దీపం దగ్గరికి లాక్కుని, బియ్యంలో రాళ్ళు ఏరినంత శ్రద్ధగా చూసేది.

ఇక్కడిదాకా అంతా సవ్యంగానే ఉంది. ఈ లోపు ప్రభుత్వానికి కూడా పాదాల మీద ప్రేమ పుట్టింది.

అంతకు ముందు ఏడు కళ్ళ మీద పుట్టింది. దానికి ముందు పళ్ళ మీద. ఈ ఏడు పాదాల వంతు. ఏరియా ఆసుపత్రిలో 'మధుమేహ పాద సంరక్షణ కేంద్రం' వెలిసింది. సూపరింటెండెంటు డాక్టరు చక్రధరరావు గారు దగ్గరుండి కట్టించారు. ఆయనకి వైద్యం కంటే భవనాలంటే మక్కువ, భవనాల్లో కూడా గచ్చంటే ప్రాణం. కేంద్రం లోపల తెల్లటి టైల్స్ పరిపించారు. వాటి మీద వంగి తల దువ్వుకోవచ్చు.

ప్రారంభోత్సవానికి దీపం వెలిగించారు, కొబ్బరికాయ కొట్టారు. దీపం దగ్గరికి చెప్పులతో ఏం బాగుంటుందని గుమ్మం పక్కన ఎవరో ఒక బోర్డు పెట్టారు: 'చెప్పులు ఇచట విడువవలెను'. మర్నాడు పూలు ఊడ్చేశారు. అరటి మొక్కలు మేకలు తినేశాయి. దీపస్తంభం స్టోరులోకి వెళ్ళింది. బోర్డు మాత్రం ఉండిపోయింది. వారం ఉండేసరికి అలవాటయింది, నెల ఉండేసరికి రూలయింది. ఎవరు పెట్టించారో తెలియని బోర్డుని తీసే అధికారం ఎవరికీ ఉండదు కదా.

తాతారావు మొదటిసారి కేంద్రానికి వెళ్ళినప్పుడు గుమ్మంలో సెక్యూరిటీ గార్డు అబ్బులు ఎదురొచ్చాడు. వీళ్ళ వీధివాడే.

"బాబాయ్, చెప్పులు."

"చెప్పులకేటిరా?"

"ఇప్పాలి."

"చెప్పులేసుకోమనే కదరా నన్ను ఇక్కడికి రమ్మన్నారు?"

"ఏసుకోమని లోపల చెప్తారు బాబాయ్. లోపలికెల్లాలంటే మాత్రం ఇప్పాలి."

వెంట వచ్చిన మంగాయమ్మ వాడిని పైకీ కిందికీ చూసింది. వాడు తల గోక్కుని, తనని ఏం చెయ్యమంటావు పిన్నీ అన్నాడు. తాతారావు చెప్పులు విప్పి, నీళ్ళలో దిగినట్టు భయం భయంగా లోపలికి నడిచాడు. ఎదురుగా గోడ నిండా పెద్ద పాదం బొమ్మ. దాని కింద 'చెప్పులు లేకుండా ఒక్క అడుగు కూడా వేయకండి!' అని ఎర్ర అక్షరాలు. ఆ అక్షరాల కింద బెంచీల మీద ఉత్త కాళ్ళతో వరసగా పేషెంట్లు. చదువొచ్చినవాళ్ళు చదువు రానివాళ్ళకి చదివి వినిపిస్తున్నారు.

హైమవతి ఆయన పాదం చూసి, పక్కకి తిప్పి, వేళ్ళ సందులు చూసి, "బాగుంది. చెప్పుల్లేకుండా ఎక్కడా నడవట్లేదు కదా?" అంది.

"ఒక్కచోటే నడుస్తన్నానమ్మా."

"ఎక్కడ?"

"ఇక్కడే."

ఆవిడ నేల వంక చూసింది. ఆయన కాళ్ళ వంక చూసింది. తరవాత తన కాళ్ళ వంక చూసుకుంది. అవీ ఉత్తవే. చెవుల దాకా ఎర్రబడి, లేచి తిన్నగా సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళింది.

చక్రధరరావు గారు ఓపిగ్గా విన్నారు. "డాక్టరమ్మా, మీరు చెప్పేది వైద్యం. ఇది పరిపాలన. రెండూ కలపకూడదు. అయినా మీ అభ్యంతరాన్ని సానుకూల దృక్పథంతో పరిశీలించి, గుమ్మం వద్ద పాదరక్షల విషయమై తగు చర్య గైకొంటాం" అన్నారు.

గైకొన్నారు కూడా. ఒక కమిటీ వచ్చి గుమ్మం వద్ద పాదరక్షలను పరిశీలించింది. గుట్టగా పడి ఉన్నాయి, ఫొటోల్లో అసహ్యంగా కనిపిస్తున్నాయి, పైగా వాటి దుమ్ము టైల్స్ మీదికి వస్తోంది అని తేల్చింది. బోర్డు తీసుకెళ్ళి వీధి గేటు దగ్గర పాతారు.

గేటుకీ గుమ్మానికీ మధ్య నల్లరాతి బండలు పరిచిన పెద్ద ఆవరణ ఉంది. అది మే నెల. ఆ బండల మీద అప్పడాలు పరిస్తే ఎండడం కాదు, వేగిపోయేటట్టు ఉన్నాయి. పేషెంట్ల వెంట వచ్చిన భార్యలూ తమ్ముళ్ళూ 'అమ్మో, అబ్బో' అంటూ గెంతుకుంటూ పరిగెత్తేవారు. కాళ్ళలో స్పర్శ లేని పేషెంట్లు మాత్రం నిదానంగా, పెళ్ళి పందిట్లో నడిచినట్టు నడిచి వచ్చేవారు. సూపరింటెండెంటు గారు ఇదంతా స్వయంగా గమనించి, "చూశారా? పేషెంట్లకి ఏ ఇబ్బందీ లేదు. గెంతుతున్నదంతా ఆరోగ్యవంతులే" అని హైమవతికి చూపించారు. నమ్మకం కలగడానికి తానే బూట్లు విప్పి ఆవరణ అంతా నడిచారు. నట్టనడుమ ఆగి ఫోనులో ఎవరితోనో తీరుబడిగా మాట్లాడారు కూడా. "గోరువెచ్చగా కూడా లేదమ్మా!"

గేటు బయట నిలబడిన మంగాయమ్మ ఇది చూసి, "అదేటి మావా, ఆయనకి కాలదా?" అంది.

"ఆఫీసర్లకి కాలదే" అన్నాడు తాతారావు.

వాళ్ళకి కాలినా కాలకపోయినా తన మొగుడి కాలు ఆ బండల మీద పడనివ్వనని మంగాయమ్మ తీర్మానించుకుంది. తరవాతి వారం రెండు గోనెపట్టాలు చంకలో పెట్టుకుని వచ్చింది. గేటు దగ్గర ఒకటి పరిచింది. ఆయన దాని మీద నిలబడ్డాక ముందు రెండోది పరిచింది. ఆయన దాని మీదికి రాగానే వెనకది తీసి మళ్ళీ ముందు పరిచింది. అడుగులకు మడుగులొత్తడం అంటే ఇదేనని ఆసుపత్రి మొత్తం చూసింది. తాతారావుకి సిగ్గూ వచ్చింది, ఆవిడ చెమట చూస్తే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. "పెళ్ళికి కూడా ఇంత మర్యాద జరగలేదే మంగా" అన్నాడు. "మాటాడకు, పట్టా జారతాది" అందావిడ.

ఆ వారం గడిచింది గాని, మళ్ళీ వారానికి సర్క్యులర్ వచ్చేసింది. అబ్బులు గేటులో నిలబడి కూడబలుక్కుని చదివాడు: "పాదమునకును భూమికిని మధ్య అడ్డు వచ్చు ఏ పదార్థమైనను పాదరక్షయే అగును గనుక, గోనెపట్టాలు, తువ్వాళ్ళు, అరిటాకులు మొదలగునవి నిషేధించడమైనది."

"మరి తోలో?" అంది మంగాయమ్మ. "కాలికి తోలుంటాది కదరా. అది కూడా అడ్డే కదా?"

అబ్బులు కాగితం వెనక్కి తిప్పి చూశాడు. "అది పైకి రాసేరు పిన్నీ. ఇంకా క్లారిటీ రాలేదు."

తాతారావు ఉత్త కాళ్ళతోనే ఆ బండల మీద నడిచాడు. ఆ రోజే ఉచిత పాదరక్షల పంపిణీ. మెత్తటి అడుగున్న చెప్పులు, షుగరు వాళ్ళ కోసమే ప్రత్యేకంగా చేయించినవి. తెల్లటి గచ్చు మీద నిలబెట్టి ఒక్కొక్కరికీ ఇచ్చారు. 'గేటు దాటిన పిమ్మట మాత్రమే ధరించవలెను' అని షరతు. పేషెంట్లు వాటిని చంకలో పెట్టుకోవాలో నెత్తిన పెట్టుకోవాలో తెలీక తికమక పడుతుంటే అబ్బులు జాలిపడి, "చేతులకి తగిలించుకోండి. చేతులకి రూలు లేదు" అన్నాడు. అలా చేతులకి కొత్త చెప్పులు తొడుక్కుని, కాళ్ళకి ఏమీ లేకుండా, మండుతున్న బండల మీద వాళ్ళంతా బారులు తీరి బయటికి నడిచారు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. 'చేతులెత్తి మొక్కుతున్న లబ్ధిదారులు' అని కింద రాశారు.

పంపిణీ జరిగిన రాత్రి మంగాయమ్మ ఆయన అరికాలు చూసి, దీపం ఇంకాస్త దగ్గరికి జరిపింది. మడమ పక్కన చింతపిక్కంత పొక్కు. మర్నాడు హైమవతి కూడా చూసింది. "ఇది చితికి పుండయిందంటే నేను మాటివ్వలేనండి. మానేదాకా రోజు విడిచి రోజు కట్టు కట్టించుకోవాలి" అంది.

"రోజు విడిచి రోజు ఆ బండల మీద నడిచి రావాలా తల్లీ?" అన్నాడు తాతారావు.

హైమవతి ఈసారి సూపరింటెండెంటు గారి గదిలో గట్టిగానే అరిచిందట. ఆయన చలించారు. అత్యవసర సమావేశం పెట్టారు. అందులో ఆయన లేవదీసిన ప్రశ్న ఆసుపత్రి చరిత్రలో నిలిచిపోయేది. "అసలు మన కేంద్రం దేని కోసం? పాదం కోసం. పేషెంటు లోపలికి ఏం తీసుకువస్తున్నాడు? ఒళ్ళంతా తీసుకువస్తున్నాడు. తల, చేతులు, సంచీ, భార్య. ఇవన్నీ మన పరిధిలోకి రావు. పాదం ఒక్కటీ లోపలికి వస్తే చాలు. కేంద్రం పాదాలది గాని మనుషులది కాదు!"

గుమ్మం మూసేశారు. పక్క గోడకున్న కిటికీకి రెండు ఊచలు తీయించి, కింద స్పాంజి వేసి, పైన 'పాదం లోపలికి – మనిషి బయట' అని రాయించారు. పేషెంటు ఆవరణలో నిలబడి ఒక కాలు కిటికీలోంచి లోపలికి చాపాలి. హైమవతి లోపల స్టూలు మీద కూర్చుని వచ్చిన కాలుని వచ్చినట్టు చూడాలి. ఎవరి కాలో తెలియడానికి బొటనవేలికి దారంతో చీటీ కట్టారు. శవాల గదిలో పనిచేసి వచ్చిన ముసలి వార్డుబాయ్ ఈ పద్ధతి తనకి బాగా అలవాటేనన్నాడు.

రెండో కాలు మాత్రం కాలే బండ మీదే ఉండాలి. అక్కడ మంగాయమ్మ బుర్ర పనిచేసింది. వంకాయలమ్మే సింహాచలం దగ్గర తోపుడుబండి అద్దెకి తీసుకుంది. వంకాయలు దింపి మొగుణ్ణి ఎక్కించి, గేటులోంచి గడగడా తోసుకుని వచ్చేసింది. అబ్బులు అడ్డం తిరిగాడు.

"కాలు నేల మీదుందా?" అంది ఆవిడ.

"లేదు."

"చెప్పులున్నాయా?"

"లేవు."

"మరేటి నీ బాధ?"

వాడు సర్క్యులర్ మొత్తం వెతికాడు. తోపుడుబండి ఊసే లేదు. తాతారావు బండి మీదే వెల్లకిలా పడుకుని కిటికీలోకి కాలు చాపాడు. నాలుగే వేళ్ళున్న ఆ పాదాన్ని హైమవతి చీటీ చూడకుండానే గుర్తుపట్టి, గోడ అవతల నుంచే, "తాతారావు గారూ, పొక్కు చితకలేదు, ఎండుతోంది!" అని అరిచింది. మంగాయమ్మ బండి మీదకి ఎక్కినంత పని చేసింది. మర్నాటికి ఆవరణ నిండా తోపుడుబళ్ళే. పట్నంలో కూరగాయలు కొనేవాళ్ళు నేరుగా ఆసుపత్రికే రావడం మొదలుపెట్టారు.

టైల్స్ మీద ఇప్పుడు ఒక్క మచ్చ లేదు. ఆ శుభ్రత ఫొటోలు పైకి వెళ్ళాయి. ఉత్తమ పాద సంరక్షణ కేంద్రం అవార్డు కోసం పరిశీలించడానికి జాయింట్ డైరెక్టరు వైకుంఠరావు గారు స్వయంగా వస్తున్నట్టు కబురొచ్చింది. వస్తున్న మనిషికి బూరెలు ప్రాణమని కూడా వచ్చింది. చక్రధరరావు గారు తాతారావుని పిలిపించారు.

మంగాయమ్మ కూడా వెళ్ళింది. "చెప్పుల్లేకుండా ఈయన పొయ్యి ముందు నిలబడడండి. బూరెలు కావాలో, రూలు కావాలో తమరే చెప్పండి" అంది.

సూపరింటెండెంటు గారు చాలాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించారు. వంటవారి మట్టుకు, పెరటి మట్టుకు, ఆ ఒక్క పూట మట్టుకు తాత్కాలిక సడలింపు మంజూరు చేశారు.

ఆ రోజు కేంద్రం వెనక పెరట్లో గాడిపొయ్యి తవ్వారు. తాతారావు మెత్తటి చెప్పులేసుకుని చాలాకాలానికి మళ్ళీ గరిటె పట్టాడు. పూర్ణం వాసన పెరడంతా కమ్ముకుంది. సూపరింటెండెంటు గారు ఉత్త కాళ్ళతో వచ్చి, నాణ్యత పరిశీలన నిమిత్తం ఒక బూరె తిన్నారు. ఒకదానితో నాణ్యత తేలదు కాబట్టి ఇంకోటి తిన్నారు. మూడోది నోట్లో ఉండగా మంగాయమ్మ, "సారూ, అటు కాలెట్టకండి, నిప్పులున్నాయి!" అంది. "నాకేం కాదమ్మా, నాకు అలవాటే" అన్నారాయన బూరె నములుతూ. గేటు దగ్గర కారు హారను మోగింది. ఆయన మూతి తుడుచుకుని లోపలికి పరిగెత్తారు.

వైకుంఠరావు గారు గేటు దగ్గర బూట్లు విప్పి ఆవరణలో కాలు పెట్టారు. పెట్టీ పెట్టగానే, "అబ్బా!" అని గెంతి, గెంతినవాడు గెంతినట్టే గుమ్మం దాకా వచ్చిపడ్డారు. దొరవారి ఉత్సాహం చూసి సిబ్బంది చప్పట్లు కొట్టారు. ఆ పూటకి గుమ్మం తెరిచారు. లోపల చల్లటి గచ్చు మీద ఆయన ప్రాణం కుదుటపడింది. చక్రధరరావు గారు మైకు అందుకున్నారు.

"మహోదయులారా! ఈ కేంద్రం ఆవిర్భవించిన నాటి నుండి నేటి వరకు, ఈ గచ్చుపై ఏ ఒక్క పాదమునకు కూడా గాయమైన దాఖలాలు లేవని సవినయంగా మనవి చేస్తున్నాను..."

వైకుంఠరావు గారు ముక్కు ఎగబీల్చారు. "ఏదో మాడుతున్నట్టుందే?"

"బూరెలు సార్. వేడివేడిగా వేయిస్తున్నారు" అన్నారు చక్రధరరావు గారు, మైకు పక్కకి తిప్పి.

వెనక గుమ్మంలో పళ్ళెంతో నిలబడిన తాతారావుకి ఒళ్ళు మండింది. బూరెలు దింపి చాలాసేపయింది. ఆయన చేతిలో బూరె మాడడమా! ఆ మరుక్షణం ఆ వాసన ఆయన ముక్కుకి కూడా తగిలింది. ఆ వాసన ఆయనకి తెలుసు. అది ఒక్కసారి పీల్చినవాడు చచ్చేదాకా మర్చిపోడు. పళ్ళెం పక్కనున్నవాడి చేతిలో కుక్కి, చెప్పులతోనే తెల్లటి గచ్చు మీద పరిగెత్తాడు.

"బాబాయ్! చెప్పులు! చెప్పులు!" అని అబ్బులు గొల్లుమన్నాడు. సిబ్బంది అంతా లేచి నిలబడ్డారు. మచ్చలేని టైల్స్ మీద బూడిద అడుగులు వరసగా పడ్డాయి. తాతారావు సూపరింటెండెంటు గారి కాళ్ళ దగ్గర కూలబడి, ఆయన కుడి పాదం రెండు చేతులతో పైకి లేపాడు. కాలి కింద నిప్పు కణిక. వేళ్ళతో గీకి అవతల పారేశాడు. చక్రధరరావు గారు ఒంటికాలి మీద నిలబడి, "ఏ ఒక్క పాదమునకు కూడా..." అని ఇంకో ముక్క చదివి అప్పుడు ఆగారు.

"సారూ, మీకు షుగరుంది" అన్నాడు తాతారావు.

"నాకా? నేను డాక్టర్నయ్యా!"

"నేనూ మేస్త్రినేనండి. అయినా కాలింది."

హైమవతి అప్పటికే దూదీ కట్టుగుడ్డా పట్టుకొచ్చేసింది. చక్రధరరావు గారు పాలిపోయిన మొహంతో పక్కనున్న కుర్చీలో కూర్చోబోయారు. అబ్బులు వినయంగా చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "సార్, పేషెంటు లోపల ఉండకూడదు కద సార్."

వైకుంఠరావు గారు ఆసక్తిగా చూస్తున్నారు. ఆయన ముందు రూలు తప్పడం ఎలా? సింహాచలం తోపుడుబండి తెప్పించారు. సూపరింటెండెంటు గారిని వంకాయల పక్కన ఎక్కించి, చుట్టూ తిప్పి తీసుకెళ్ళి, కిటికీలోంచి ఆయన కాలు లోపలికి చాపించారు. వార్డుబాయ్ అలవాటు కొద్దీ బొటనవేలికి చీటీ కట్టాడు.

వైకుంఠరావు గారి కళ్ళు చెమర్చాయి. "సంస్థాధిపతే స్వయంగా పాదాన్ని కాల్చుకుని, విధానాన్ని ఆచరణలో ప్రదర్శించి చూపడం నా సర్వీసులో చూడలేదు" అని అక్కడికక్కడే అవార్డు ప్రకటించేశారు. బూరెలు కట్టించుకుని మరీ వెళ్ళారు.

అవార్డు కంటే ముందు తాతారావుకి మెమో వచ్చింది. సడలింపు పెరటికి మాత్రమే వర్తించగా, దానిని అతిక్రమించి గచ్చుపై పాదరక్షలతో సంచరించినందున, ఆయన ఇకపై ఆసుపత్రి ఆవరణలో అడుగు పెట్టరాదు. తాతారావు బిక్కచచ్చిపోయాడు. మంగాయమ్మ మాత్రం మొగుడి చేతిలో కాగితం తీసి మడిచి రవికెలో దోపుకుంది.

"నీ కాలికి ఆళ్ళు చేసిన మొదటి వైద్యం ఇదే మావా. అడుగెట్టొద్దన్నారు. పెట్టకు."

"మరి కట్టెవరు కడతారే?"

కట్టు హైమవతే కట్టింది. గేటుకి ఎదురుగా, రోడ్డవతల, పరదా పట్టా కింద టీకొట్టు ఉంది. డ్యూటీ దిగాక సాయంత్రాలు ఆవిడ అక్కడ బెంచీ వేయించుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ముందు తాతారావు ఒక్కడే వచ్చేవాడు. తరవాత చేతులకి చెప్పులు తొడుక్కున్నవాళ్ళందరూ కాళ్ళకి తొడుక్కుని వచ్చారు. మట్టినేల. ఎవరి చెప్పులూ ఎవరూ చూసేవారు కాదు, కాళ్ళు తప్ప. చూస్తుండగానే తాతారావు పొక్కు రాలిపోయి కింద కొత్త చర్మం వచ్చింది. ఆ రోజు మంగాయమ్మ టీకొట్టులో ఉన్నవాళ్ళందరికీ టీలు పోయించి, పక్కకి తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళలో ఆవిడ ఏడవడం తాతారావు చూడడం అదే మొదలు.

కిటికీ దగ్గరికి ఇప్పుడు ఎవరూ రారు. కేంద్రం ఇంకా శుభ్రమయింది. అవార్డు ఫలకం గోడ మీద పాదం బొమ్మ పక్కనే తగిలించారు. ఈ ఆదర్శ విధానాన్ని ఎట్టి మార్పులూ లేకుండా కొనసాగించవలెనని దాని మీదే చెక్కి ఉంది.

ఒక సాయంత్రం టీకొట్టు ముందు రిక్షా ఆగింది. చక్రధరరావు గారు దిగారు. కుడికాలికి కట్టు, కట్టు మీదుగా మెత్తటి చెప్పు. అటూ ఇటూ చూసి, ఎవరూ గుర్తుపట్టకూడదన్నట్టు తువ్వాలు చెవుల మీదికి లాక్కున్నారు. అందరూ గుర్తుపట్టారు. రోజూ ఆ బండల మీదా ఆ గచ్చు మీదా నడవక తప్పక ఆయన పుండు మానడం లేదు. సొంత కేంద్రంలో చెప్పులేసుకుంటే అవార్డు పోతుంది. వేసుకోకపోతే కాలు పోతుంది.

ఆయన పరదా పట్టా అంచు దాకా వచ్చి, అలవాటు కొద్దీ ఆగి, వంగి, చెప్పులు విప్పబోయారు.

"ఆగండాగండి!" అని మంగాయమ్మ బెంచీ మీద నుంచి లేచింది. "ఇక్కడికి కాలొక్కటే రాకూడదండి, మనిషి కూడా రావాలి. ఏసుకునే రండి."

చక్రధరరావు గారు తల వంచుకుని, విప్పిన చెప్పు మళ్ళీ తొడుక్కుని లోపలికి వచ్చారు. తాతారావు బెంచీ మీద కొంచెం పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చాడు.